తని ఆవర్తనాన్ని కత్తిరించకండి: తిరుపతి, చిత్తూరు సభల వారికి ఒక జాజ్ శ్రోత బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంగీత సభల కార్యవర్గ సభ్యులకు, కచేరీలను చిత్రీకరించి ఛానళ్ళలో పెడుతున్న మిత్రులకు,

నమస్కారం. మన తిరుపతిలోను, చిత్తూరులోను జరిగే కచేరీలు ఈమధ్య దాదాపు అన్నీ రికార్డవుతున్నాయి. మహతి కళాక్షేత్రంలో పెద్ద విద్వాంసుల కార్యక్రమం మొదలుకొని వీధి చివరి గుడిలో త్యాగరాజ ఆరాధన దాకా ఎక్కడ చూసినా స్టాండు మీద ఒక కెమెరా, మైక్‌సెట్ వారి దగ్గర నుంచి లాగిన ఒక తీగ కనిపిస్తున్నాయి. ఇందుకోసం సొంత డబ్బూ, సమయమూ పెడుతున్న మీ అందరికీ ముందుగా కృతజ్ఞతలు. అయితే కచేరీ అయిపోయిన తర్వాత ఆ రికార్డుకు జరుగుతున్న కోతలూ, చేర్పులూ చూసి మనసు ఆగక ఈ లేఖ రాస్తున్నాను.

నేను విద్వాంసుణ్ణి కాను. రాత్రి పొద్దుపోయాక షార్ట్‌వేవ్ రేడియోలో వాయిస్ ఆఫ్ అమెరికా పెట్టుకొని, విల్లిస్ కోనోవర్ నిదానమైన ఇంగ్లీషులో పరిచయం చేసే జాజ్ విని, ఆ పిచ్చిలో పడి ఇంతవరకు బయటపడని తిరుపతి వాసిని. కర్ణాటక సంగీత సభల వ్యవహారంలో జాజ్ వినేవాడికి ఏం పని అని మీలో కొందరు అనుకోవచ్చు. కచేరీ రికార్డును ఎలా దాచాలో, ఎలా దాచకూడదో నూరేళ్ళకు పైగా తప్పులు చేసి, దిద్దుకొని, మళ్ళీ తప్పులు చేసి నేర్చుకున్న సంగీతం జాజ్. ఆ తప్పులన్నీ మనం మళ్ళీ మొదటి నుంచి చేయనవసరం లేదన్నదే నా మనవి.

జాజ్‌లో కాగితం మీద ఉండేది చాలా తక్కువ. పాట మెట్టు నాలుగు వరసల్లో రాసి ఉంటుంది; దాని మీద ఆ రాత్రి ఎవరు ఏం అల్లారన్నదే సంగీతం. అందువల్ల రికార్డు లేని జాజ్ వాద్యకారుడి గురించి మనకు మిగిలేది ఇతరులు చెప్పిన మాటలే. న్యూ ఆర్లియన్స్‌లో కార్నెట్ వాయించిన బడ్డీ బోల్డెన్‌ను ఈ సంగీతానికి ఆద్యుల్లో ఒకడిగా అందరూ చెప్పుకుంటారు. 1907లో మతి చలించి ఆస్పత్రి పాలై, 1931లో అక్కడే పోయాడు. మొదటి జాజ్ రికార్డు వెలువడింది 1917లో. బోల్డెన్ ఊదిన ఒక్క స్వరం కూడా ఈరోజు ఎవరికీ వినబడదు. మనకు ఇదేమీ కొత్త కథ కాదు. కంచి నైనా పిళ్ళై గారి లయ పాండిత్యం గురించీ, వేదిక నిండా లయవాద్యాలను కూర్చోబెట్టుకొని ఆయన చేసిన కచేరీల గురించీ కథలు కథలుగా చెబుతారు. ఆయన పాట మాత్రం రికార్డు మీద దొరకదు. ఆయన శిష్యుడు, మన పుంగనూరులో పుట్టిన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై గారు రికార్డులిచ్చారు కాబట్టి, ‘మధురా నగరిలో’ అని ఆయన ఎత్తుకోవడం విన్నవారికి గురువు గారి బాణీలో కనీసం ఒక పాలు ఊహకు అందుతుంది. తాళ్ళపాక వారి రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, అన్నమయ్య పాడిన తీరు లేదు. ఆ లోటు విలువ ఎంతో తిరుపతి వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈమధ్య మన ఊళ్ళో ఒక కచేరీకి వెళ్ళాను. ప్రధానంగా తీసుకున్న తోడి కీర్తన అయ్యాక మృదంగం, ఘటం కలిసి మిశ్రచాపు తాళంలో తని ఆవర్తనం, అంటే పాట ఆగి లయవాద్యాలు మాత్రమే మాట్లాడుకునే ఘట్టం, వాయించాయి. మృదంగం ఇచ్చిన ఐదక్షరాల నడకను ఘటం వాయిస్తున్న యువకుడు రెండు సార్లు ఉన్నదున్నట్టు తిరిగి చెప్పి, మూడోసారి దాన్ని తలకిందులు చేసి జవాబివ్వడంతో మృదంగ విద్వాంసుడు చేతులాపి ఫక్కున నవ్వాడు. ముందు వరసలో తాళం వేస్తున్న పెద్దాయన చెయ్యి తొడ మీద అలాగే నిలిచిపోయింది. వారం తిరక్కుండా ఆ కచేరీ వీడియో వచ్చింది. స్వరకల్పన చివర తెర ఒక్క క్షణం నల్లబడింది, వెంటనే పల్లవి ఎత్తుకోలు, ఆపైన చప్పట్లు. తని మొత్తం మాయమైంది. ఎందుకని అడిగితే, అక్కడికి రాగానే చూసేవారు వెళ్ళిపోతున్నారండీ అని సమాధానం వచ్చింది. ఆ సభ పేరు ఇక్కడ అనవసరం. ఇది ఒక్కరు చేస్తున్న పని కాదు.

చార్లీ పార్కర్ అనే శాక్సోఫోన్ విద్వాంసుడికి డీన్ బెనెడెట్టి అనే అభిమాని ఉండేవాడు. ఆయన కూడా శాక్సోఫోన్ వాద్యకారుడే. 1947, 48 సంవత్సరాల్లో పార్కర్ వాయించే క్లబ్బులకు రికార్డింగ్ యంత్రాన్ని మోసుకెళ్ళి, మొదట డిస్కుల మీద, తర్వాత కాగితపు టేపు మీద ఆయన వాయిద్యాన్ని పట్టాడు. డిస్కుకు ఖర్చు ఎక్కువ, చోటు తక్కువ. అందుకని పార్కర్ అందుకున్నప్పుడు యంత్రాన్ని నడిపి, పక్కవారు అందుకోగానే ఆపేసేవాడు. 1948లో న్యూయార్కులో అలా ఆపేసిన పక్కవారిలో, ఇరవై రెండేళ్ళకు అటూ ఇటూగా ఉన్న, తర్వాత జాజ్‌లో ఎంతో పేరు తెచ్చుకున్న ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ కూడా ఒకడు. ఈ రికార్డులన్నీ 1990లో మొజాయిక్ సంస్థ ఏడు సీడీల పెట్టెగా తెచ్చింది. ఆ పెట్టె పార్కర్ అభిమానులకు పెన్నిధి అన్నదాంట్లో సందేహం లేదు. కాని నేను దాన్ని ఏకబిగిన అరగంట వినలేను. డ్రమ్ములు ఏదో అన్నాయి, పార్కర్ దానికి జవాబుగా ఒక మాట ఎత్తుకున్నాడు, ఆ మాట ఎటు పోయిందో తెలిసేలోగా సూది ఎత్తేస్తారు. ఎదుటి మనిషి మాటలు చెరిపేసిన సంభాషణలో ఎంత గొప్పవాడి మాటలైనా సగమే అర్థమవుతాయి. పాపం, బెనెడెట్టికి డిస్కు చాలక ఆ పని చేశాడు. మన దగ్గర వేలెడంత కార్డులో పది కచేరీలు పడుతున్నాయి.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే రికార్డు మరొకటి ఉంది. 1938 జనవరి 16న న్యూయార్కులోని కార్నెగీ హాలులో బెన్నీ గుడ్‌మన్ బృందం వాయించినప్పుడు వేదిక పైన వేలాడదీసిన ఒకే ఒక్క మైకుతో, సొంత ఉపయోగానికని ఒకరు ఆ కచేరీని డిస్కుల మీదికి ఎక్కించారు. ఆ డిస్కులు 1950 దాకా బయటికి రాలేదు. చివర్లో డ్రమ్ముల హోరుతో సాగే పెద్ద అంశం ముగియవచ్చేవేళ, ఎవరూ అనుకోని విధంగా పియానో వాయించే జెస్ స్టేసీకి వంతు వచ్చింది. అంతవరకు హోరెత్తిన హాలులో ఆయన తగ్గు స్థాయిలో, ఏ తొందరా లేకుండా, దాదాపు రెండు నిమిషాలు వాయించాడు. గోడకు కొట్టిన ప్రకటనల్లో ఆయన పేరు చూసి వచ్చినవారు ఎవరూ ఉండరు. ఈరోజు ఆ కచేరీ నుంచి ఒక్క ముక్క ఎంచుకోమంటే నేను ఆ రెండు నిమిషాలే ఎంచుకుంటాను. జనం ఎవరి కోసం వచ్చారో చూసుకొని యంత్రాన్ని ఆపి ఉంటే అది మనకు దక్కేది కాదు. మన తనిలో, నాదస్వరం ఆగి డోలు ఒంటరిగా మాట్లాడే ఘట్టంలో, ఇలాంటివి ఎన్ని జరిగి పోతున్నాయో ఆలోచించండి. రేపు మృదంగం నేర్చుకునే పిల్లవాడికి కావలసింది గాయకుడి ఆలాపన కాదు, ఆ పావుగంటే.

రెండో మనవి పేర్ల గురించి. వీడియో కింద గాయని పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, దాత పేరు అంతకంటే పెద్దక్షరాల్లో ఉంటుంది. వయొలిన్ ఎవరో, ఘటం ఎవరో ఉండదు. నాదస్వర కచేరీ అయితే మరీ అన్యాయం: ‘మంగళవాద్యం’ అని ఒక్క మాట రాసి వదిలేస్తారు, డోలు వాయించినవారికి ఊరూ పేరూ ఉండవు. తేదీ కూడా ఉండదు. వీడియో పెట్టిన తేదీయే కచేరీ తేదీగా చెలామణీ అవుతుంది.

జాజ్ అభిమానులు ఈ విషయంలో చాదస్తులని పేరు పడ్డారు, ఆ పేరుకు నేనేమీ సిగ్గుపడను. రికార్డు చేతికి రాగానే వెనక అట్ట తిప్పి, ఎవరెవరు, ఏ రోజు, ఎక్కడ అని చూస్తాం. ఆ మూడూ లేకపోతే ఎంత చిక్కో అనుభవం మీద తెలుసు. 1945 నవంబరు 26న పార్కర్ రికార్డు చేసిన ‘కోకో’ ఈ సంగీతపు దిశనే మార్చిన మూడు నిమిషాలు. ఆ రోజు పియానో మీద ఏ పాటకు ఎవరున్నారన్న తగవు మాత్రం దశాబ్దాల తరబడి నడిచింది, ఎందుకంటే వచ్చినవారిలో ఒకరి పేరు దాచి మారుపేరు వేశారు. 1953 మే 15న కెనడాలోని టొరంటోలో, మాసీ హాలులో, పార్కర్, డిజ్జీ గిలెస్పీ, బడ్ పవెల్, చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్ ఒకే వేదిక మీద కూర్చున్నారు. ఇంతటి అయిదుగురు కలిసిన ఆ కచేరీ రికార్డు మీద కంపెనీ ఒప్పందాల గొడవ వల్ల పార్కర్ పేరు ‘చార్లీ చాన్’ అని పడింది. చెవి ఉన్నవాడికి ఆ మారువేషం ఒక్క క్షణం కూడా ఆగదు, అది వేరే సంగతి. కాని మన ఘటం యువకుణ్ణి శబ్దం విని పోల్చుకోవడానికి ఆయన ఇంకా పార్కర్ కాలేదు కదా.

ఒక పెట్టె మీద రాసిన రెండు ముక్కలు ఏం చేయగలవో కూడా చెబుతాను. 1957లో పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ దగ్గర శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ కొన్ని నెలలు వాయించాడు. కోల్ట్రేన్ అసలు కోల్ట్రేన్ అయింది ఆ నెలల్లోనే అంటారు, కాని వినిపించడానికి రికార్డులు లేక అది చాలాకాలం మాటగానే ఉండిపోయింది. ఆ ఏడాది నవంబరు 29న కార్నెగీ హాలులో జరిగిన కచేరీని వాయిస్ ఆఫ్ అమెరికా రికార్డు చేసి, టేపులను అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేర్చింది. అక్కడ అవి ఎవరి కంటా పడకుండా పడి ఉన్నాయి. 2005లో పాత టేపులను డిజిటల్‌లోకి మారుస్తుండగా, హాలు పేరూ ఏడాదీ ఉన్న పెట్టెల్లో ఒకదాని వెనక చేత్తో రాసిన ‘టి. మంక్’ అన్న పేరు ల్యారీ ఆపెల్‌బామ్ అనే ఉద్యోగి కంట పడింది. ఆ ఏడాదే అది విడుదలైంది. కోల్ట్రేన్ రికార్డుల్లో ఏది ముందు వినాలని ఎవరైనా అడిగితే, ఎక్కువ మంది చెప్పే పేరున్నవాటిని పక్కన పెట్టి నేను దీన్నే చెబుతాను. మంక్ వదిలిన ఖాళీల్లోకి ఆయన స్వరాలు జలజల దిగిపోవడం, మళ్ళీ మంక్ ఒక్క మీట నొక్కి ఆ ప్రవాహాన్ని పట్టి ఆపడం, గురుశిష్యులిద్దరూ ఒకే వేదిక మీద కూర్చున్న మన కచేరీలను గుర్తుకు తెస్తుంది. పెట్టె వెనక ఆ పేరు రాసిన గుమాస్తా ఎవరో గాని, ఆయనకు నా నమస్కారం.

మూడోది శబ్దం. మన మైక్‌సెట్ వారికి ఎకో మీద ఉన్న ప్రేమ అందరికీ తెలిసిందే. హాలులో సరిపోదన్నట్టు వీడియోలో ఇంకొంచెం కలుపుతున్నారు. మిశ్రచాపు అయినా ఆది తాళమైనా ఆ గుయ్యిలో ఒకటే. కొందరు మరో అడుగు ముందుకు వేసి, పక్క కచేరీలోని చప్పట్లు తెచ్చి అతికిస్తున్నారు. ఈ విద్యలో మనకంటే ముందే ఆరితేరినవారున్నారు. 1956 జులైలో న్యూపోర్ట్ ఉత్సవంలో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం వాయిస్తుండగా, శాక్సోఫోన్ వాద్యకారుడు పాల్ గొన్సాల్వెస్ ఒకే అంశం మీద ఆగకుండా ఇరవై ఏడు ఆవృత్తులు వాయించి జనాన్ని కుర్చీల మీంచి లేపాడు. ఆయన తిరిగి నిలబడింది మాత్రం వాయిస్ ఆఫ్ అమెరికా వారి మైకు వైపు. కొలంబియా కంపెనీ మైకులో ఆయన దూరంగా, సన్నగా వినిపించాడు. కంపెనీ వారు రికార్డులో మరికొన్ని భాగాలను స్టూడియోలో తిరిగి వాయింపజేసి, చప్పట్లు కలిపి, అంతా న్యూపోర్టే అన్నట్టు అమ్మారు. వాయిస్ ఆఫ్ అమెరికా టేపు దొరికాక, రెండింటినీ కలిపి 1999లో అసలు కచేరీని తెచ్చారు. నా ఇంట్లో రెండూ ఉన్నాయి. పాతది సొగసుగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కొత్తదాంట్లో గొన్సాల్వెస్ మన పక్కనే నిలబడి వాయిస్తాడు. ఇది విన్న తర్వాత పాతదాన్ని బీరువాలోంచి తీయడం మానేశాను.

మాసీ హాలు కచేరీలోనూ ఇదే జరిగింది: తన బేస్ సరిగ్గా వినబడలేదని మింగస్ తర్వాత దాన్ని మళ్ళీ వాయించి కలిపాడు. కలపని రూపం కూడా వచ్చింది కాబట్టి ఆయన మీద నాకు కోపం లేదు. మెరుగులు పెట్టండి, తప్పు లేదు. ముడి రికార్డు మాత్రం చెరపకండి. దగ్గులూ, కుర్చీల చప్పుళ్ళూ తీసేయాలని ఆరాటపడకండి. 1961 జూన్ 25న విలేజ్ వ్యాన్‌గార్డ్ క్లబ్బులో బిల్ ఎవాన్స్ ముగ్గురి బృందం వాయిస్తుండగా గ్లాసుల గలగలలు, మాటలు వినిపిస్తూనే ఉంటాయి. పదకొండు రోజుల తర్వాత ఆ బేస్ వాద్యకారుడు స్కాట్ లఫారో కారు ప్రమాదంలో పోయాడు. ఆ గలగలలు లేకుండా ఆ రికార్డు వినాలని ఏ అభిమానీ కోరడు.

శ్రుతి సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది మీలో పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నవారికి మాత్రమే సంబంధించింది. మైల్స్ డేవిస్ రికార్డు ‘కైండ్ ఆఫ్ బ్లూ’ 1959లో వచ్చింది. మార్చి 2న రికార్డింగు చేసినప్పుడు టేపు యంత్రం కొద్దిగా నెమ్మదిగా తిరగడం వల్ల, ఆ టేపును మామూలు వేగంతో వినిపిస్తే రికార్డు మొదటి వైపు పాటలు హెచ్చు శ్రుతిలో పడ్డాయి. దానితో పాటు వాయించి నేర్చుకోబోయినవారికి శ్రుతి కుదిరేది కాదు. 1992లో, ఆ రోజు పక్కనే నడిచిన రెండో యంత్రం తాలూకు టేపు ఆధారంగా సరిచేసేదాకా లోకమంతా ఆ హెచ్చు శ్రుతినే అసలైనదిగా విన్నది. అంత పెద్ద కంపెనీకే అది జరిగితే, మన టేప్‌రికార్డర్లలో సాగిపోయిన బెల్టుల మాట ఏమిటి? ఒకటిన్నర శ్రుతిలో పాడే మనిషి రెండుకు దగ్గరగా వినిపిస్తే, కంప్యూటర్లోకి ఎక్కించే ముందే ఆ కచేరీలో వాయించిన ఎవరినైనా ఒక్క మాట అడగండి.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. చూసేవారి సంఖ్య తగ్గితే ఛానల్ నడవదంటారు. సరే, చిన్నవి చిన్నవిగానే పెట్టండి, పూర్తిది విడిగా మరో చోట ఉంచండి. ఈరోజు గొంతు బాగాలేదు, ఇది బయటికి వద్దని విద్వాంసులు అంటారు. వారి మాట తప్పక మన్నించాలి. బయట పెట్టకపోవడానికీ చెరిపేయడానికీ చాలా తేడా ఉంది. కార్యక్రమం అయ్యాక వేదిక మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ, తంబూరా వేసిన అమ్మాయితో సహా, పూర్తి రికార్డు ఒక ప్రతి ఇవ్వండి. 1963 మార్చి 6న కోల్ట్రేన్ బృందం చేసిన రికార్డింగు అసలు టేపును కంపెనీయే పోగొట్టుకుంది. విని చూసుకోవడానికని ఆయన ఇంటికి తెచ్చుకున్న ప్రతి ఆయన మొదటి భార్య నైమా వైపు కుటుంబం దగ్గర మిగిలి ఉండడం వల్ల 2018లో అది వెలుగు చూసింది.

డబ్బు లేదన్న మాట ఒక్కటి మాత్రం నేను ఒప్పుకోలేను. జాజ్‌లో అత్యుత్తమమైన శబ్దం ఎవరిదని అడిగితే చాలామంది రూడీ వాన్ గెల్డర్ పేరు చెబుతారు. పగలు కళ్ళు పరీక్షించి అద్దాలు రాసిచ్చేవాడు. న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందు గదిలోనే ఏళ్ళ తరబడి రికార్డింగులు చేశాడు. ఆయన చేత పని చేయించుకున్న బ్లూ నోట్ కంపెనీ కూడా చిన్నదే, అయినా వాద్యకారులకు సాధన చేసుకున్న రోజులకు సైతం డబ్బిచ్చేది, ప్రతి అట్ట మీదా అందరి పేర్లూ వేసేది.

వచ్చే పుష్య బహుళ పంచమికి జరిగే త్యాగరాజ ఆరాధనతో దీన్ని మొదలుపెట్టవచ్చు. కచేరీకి ముందు ఒక కాగితం మీద తేదీ, స్థలం, శ్రుతి, ప్రధాన గాత్రం లేదా వాద్యం, ప్రక్కవాద్యాలు వాయించినవారందరి పూర్తి పేర్లు, వారి గురువుల పేర్లు, పాడిన అంశాల వరస రాసి, దాన్నే వీడియో మొదట్లో ఒక్క నిమిషం చూపించి, కింద వివరంగా కూడా ఎక్కించండి. ఆ కాగితం రాసి పెట్టే పని, విద్వాంసులను అడిగి పేర్లు సరిచూసుకునే పనితో సహా, ఏ సభ వారు పిలిచినా నేను వచ్చి చేస్తాను. దారి ఖర్చులు కూడా అవసరం లేదు, వేదికకు దగ్గరగా, ఘటం వినిపించే వైపు ఒక కుర్చీ వేయించండి.

ఇట్లు,
విధేయుడు,
ఒక జాజ్ శ్రోత,
తిరుపతి